ముప్పై ఏడు డాలర్ల ఫారం

ముప్పై ఏడు డాలర్లకు సంబంధించిన ఒక కాగితం పంపనందుకు లక్షా నలభై నాలుగు వేల డాలర్ల జరిమానా పడొచ్చని 2024 మార్చి ఆఖర్లో ఒక శనివారం సాయంత్రం తేలింది. లెక్క కట్టింది అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ కాదు. వాళ్లకింకా తెలియదు. మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, ఎదురుగా ఉన్న కుర్రాడికి జ్ఞానబోధ చేస్తూ చేస్తూ నేనే కట్టాను.

ఆ కుర్రాడికి అప్పుడే గ్రీన్ కార్డు వచ్చింది. ఉద్యోగం మానేసి, సొంత ఎల్‌ఎల్‌సీ పెట్టి, కార్ప్ టు కార్ప్ మీద, అంటే ఉద్యోగిగా కాక తన కంపెనీ తరఫున, ప్రాజెక్టులు చేద్దామనుకుంటున్నాడు. డాలస్ చుట్టుపక్కల మావాళ్లలో ఈ దశకు వచ్చినవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. మా గుంపులో 2014లోనే ఆ దారిన పడినవాణ్ణి నేను. సోలో 401కె మాట వస్తే చాలు, "అన్నని అడుగు" అంటారు. ఆ పేరుని నేనూ కాస్త పెంచి పోషించుకున్నాను, దాచడం దేనికి.

ఉద్యోగులెవరూ లేకుండా యజమాని ఒక్కడే, లేదా భార్యాభర్తలిద్దరే నడుపుకునే వ్యాపారానికి పెట్టుకునే రిటైర్మెంట్ ప్లాన్ అది. పెద్ద కంపెనీలో 401కె ఎలాంటిదో ఇదీ అలాంటిదే. కాకపోతే జీతంలోంచి దాచుకునేదీ మనమే, కంపెనీ తరఫున కలిపేదీ మనమే. 2021 లెక్కల్లో ఉద్యోగిగా 19,500 డాలర్లు, నాలాగా ఎస్ కార్ప్ పెట్టుకున్నవాడైతే యజమానిగా జీతంలో 25 శాతం దాకా, మొత్తం కలిపి 58,000 మించకుండా వేసుకోవచ్చు. యాభై దాటినవాళ్లకు ఇంకొంచెం. మామూలు జీతగాడికి ఇంత చోటు దొరకదు.

ప్లాన్ తెరిచిన రోజున బ్రోకరేజీ కంపెనీ పంపిన కాగితాల్లో నా సంతకాలు నాలుగు హోదాల్లో పడ్డాయి. ఎంప్లాయర్‌గా ఒకటి, ప్లాన్ అడ్మినిస్ట్రేటర్‌గా ఒకటి, ట్రస్టీగా ఒకటి, డబ్బు ఎవరిదో ఆ పార్టిసిపెంట్‌గా ఒకటి. పెళ్లిలో కన్యాదాత, పురోహితుడు, పెళ్లికొడుకు, వంటమేస్త్రి అందరూ మీరే అయినట్టుంది అని మా ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. అసలు ప్రమాదమంతా ఆ నాలుగు సంతకాల్లోనే ఉందని పదేళ్ల తర్వాత గానీ అర్థం కాలేదు. పదిమంది ఉద్యోగులున్న ప్లాన్‌లో ఒకరు మర్చిపోతే ఇంకొకరు అడుగుతారు. కాగితం రాకపోతే ఉద్యోగి హెచ్‌ఆర్‌ని నిలదీస్తాడు, హెచ్‌ఆర్ అడ్మినిస్ట్రేటర్‌కి ఫోన్ చేస్తుంది. నా ప్లాన్‌లో అడ్మినిస్ట్రేటర్ నిద్రపోతే ట్రస్టీకి అనుమానం రాదు, పార్టిసిపెంట్ ఫిర్యాదు చెయ్యడు. అందరూ కలిసే నిద్రపోతారు.

ఇక ఫారాల సంగతి. ఏడాది చివర ప్లాన్‌లో రెండున్నర లక్షల డాలర్లకు మించి ఉంటే 5500-ఈజెడ్ అనే రిటర్ను ఏటా ఐఆర్‌ఎస్‌కు పంపాలి. క్యాలెండర్ సంవత్సరం ప్రకారం నడిచే ప్లాన్‌కు గడువు తరువాతి జులై 31. రెండున్నర లక్షలు మించకపోతే అక్కర్లేదు. పూర్వం ఈ హద్దు లక్ష డాలర్లే. 2006లో వచ్చిన పెన్షన్ ప్రొటెక్షన్ యాక్ట్ దాన్ని పెంచింది. ఒకే యజమానికి ఇలాంటి ప్లాన్లు రెండుంటే రెండింటి సొమ్మూ కలిపి చూస్తారు. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. నా ప్లాన్ ఎన్నడూ లక్షా ముప్పై వేలు దాటలేదు కాబట్టి ఆ ఫారం మొహం చూడాల్సిన పని పడలేదు. వాట్సాప్ గ్రూపులో ఎవరడిగినా నా జవాబు ఒక్కటే: "టూ ఫిఫ్టీ లోపయితే ఏ ఫారమూ లేదు, హాయిగా పడుకో."

2021 చివర్లో, నేను పనిచేస్తున్న క్లయింటే డబ్ల్యూ-2 మీద, అంటే జీతానికి ఉద్యోగిగా, చేరమన్నాడు. పిల్ల కాలేజీకి వస్తోంది, ఇన్సూరెన్సు ఖర్చు ఏటా పెరుగుతోంది, సరేనన్నాను. కంపెనీ మూసేశాను. ఆ మూసివేత ఎంత పద్ధతిగా చేశానో చెబితే తర్వాత జరిగింది నమ్మబుద్ధి కాదు. 1120-ఎస్ ఆఖరి రిటర్నులో ‘ఫైనల్’ గడి టిక్ చేశాను. జీతాల మీద మూడు నెలలకోసారి వేసే 941లో కూడా వ్యాపారం మూతపడిందని గడి నింపాను. టెక్సస్ కంప్ట్రోలర్ నుంచి పన్ను బాకీ లేదన్న పత్రం తెచ్చుకున్నాను, దాన్ని జతచేసి సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కు ఎల్‌ఎల్‌సీ ముగింపు పత్రం పంపాను. బిజినెస్ క్రెడిట్ కార్డు రద్దు చేశాను. ‘ఫైనల్’ అన్న గడి ఎక్కడ కనిపిస్తే అక్కడ టిక్ పెట్టాను, నేను ఎన్నడూ తెరవని ఆ ఒక్క ఫారంలో తప్ప.

ప్లాన్ డబ్బు కూడా పద్ధతిగానే కదిపాను. వ్యక్తిగత రిటైర్మెంట్ ఖాతా ఐఆర్‌ఏలోకి మార్చుకోవచ్చు. కానీ పన్ను కట్టని సొమ్ము ఐఆర్‌ఏలో కూర్చుంటే బ్యాక్‌డోర్ రాత్ చేసినప్పుడల్లా, అంటే ఐఆర్‌ఏ సొమ్మును రాత్ ఖాతాలోకి మార్చినప్పుడల్లా, దామాషా లెక్కలో కొంత పన్ను పడుతుంది. అందుకని కొత్త కంపెనీ 401కెలోకి నేరుగా రోలోవర్ పెట్టాను. నేరుగా అన్న మాట ముఖ్యం. చెక్కు నా పేరున తీసుకుని ఉంటే 20 శాతం పన్ను తప్పనిసరిగా పట్టుకోవాలి, ఆ పట్టుకున్న పన్నుకు 945 అనే ఇంకో ఫారం, అదో తంటా. బ్రోకరేజీ వాళ్లు ప్లాన్ ముగింపు అని ఒక పేజీ కాగితం పంపారు. ముగింపు తేదీ వేసి మళ్లీ అన్ని హోదాల్లో సంతకాలు పెట్టాను. డిసెంబరు మొదటి వారానికి డబ్బంతా వెళ్లిపోయింది.

వెళ్లిపోయిందనుకున్నాను. నేను అమ్మిన షేర్లలో ఒకదాన్ని ఎక్స్-డివిడెండ్ తేదీ దాటాక అమ్మాను. అందుకని ఆ డివిడెండ్ నాకే రావాలి. డిసెంబరు చివర్లో ఖాళీ ఖాతాలో వచ్చి పడింది: ముప్పై ఏడు డాలర్ల చిల్లర. జనవరిలో స్టేట్‌మెంట్ చూసి, బ్రోకరేజీకి ఫోన్ చేసి, దాన్నీ కొత్త ప్లాన్‌కే చెక్కు రూపంలో పంపించాను. ఆ నెలలోనే ఖాతా సున్నా అయింది.

2022 మొదట్లో, జరిగిన రోలోవర్‌కు 1099-ఆర్ వచ్చింది, ఏడో గడిలో నేరుగా రోలోవర్ అని చెప్పే జీ కోడుతో. నా వ్యక్తిగత రిటర్ను 1040లో 5ఏ గీత మీద మొత్తం, 5బీ మీద సున్నా, పక్కన ‘రోలోవర్’ అని రాశాను. ఐఆర్‌ఎస్‌కు చెప్పాల్సింది చెప్పేశామనే తృప్తి. మరుసటి ఏడాది ఇంకో 1099-ఆర్ వచ్చింది, ఉత్త ముప్పై ఏడు డాలర్లకి. "దీనికో కాగితం, దానికో స్టాంపు" అని నవ్వుకుని ఫైల్లో పెట్టాను. ఎందుకు వచ్చింది, ప్లాన్ 2021లో ముగిసిందా 2022లోనా, ముగియడం అంటే ఏమిటి, ఈ మూడు ప్రశ్నల్లో ఒక్కటి వేసుకున్నా అప్పటికింకా నష్టం చిన్నదిగానే ఉండేది.

1099-ఆర్ చెప్పేది డబ్బు నా చేతికి, లేదా నా తరఫున ఇంకోచోటికి చేరిందని. అది పార్టిసిపెంట్ కథ. ప్లాన్ అనే ట్రస్టు బతికి ఉందా లేదా అన్నది వేరే కథ. దాన్ని చెప్పేది 5500-ఈజెడ్ ఒక్కటే. చెప్పాల్సింది ప్లాన్ అడ్మినిస్ట్రేటరు, అంటే ఆ నాలుగు హోదాల్లో ఇంకో నేను. బ్రోకరేజీ ఈ పని చెయ్యదు. చెయ్యదని వాళ్ల ఒప్పంద పత్రంలో రాసే ఉంది, తర్వాత చూశాను.

మళ్లీ ఆ శనివారానికి వస్తాను. కుర్రాడు అడిగాడు, "ఏటా ఏమైనా ఫైల్ చెయ్యాలా అన్నా?" నా పాత పాట అందుకుని, ఈసారి రుజువు కూడా చూపిద్దామని ల్యాప్‌టాప్‌లో ఐఆర్‌ఎస్ వారి సూచనల పుస్తకం తెరిచాను. రెండున్నర లక్షల పేరా కనిపించింది. గట్టిగా చదివాను. చదివిన ఊపులో తర్వాతి వాక్యం కూడా చదివేశాను. ప్లాన్ ఆఖరి సంవత్సరానికి మాత్రం ఆస్తి ఎంతున్నా సరే, రెండున్నర లక్షల లోపున్నా సరే, రిటర్ను పంపి తీరాలట.

"మరి నువ్వు పంపావా?" అన్నాడు.

వాడు అమాయకంగానే అడిగాడు. టీ పెట్టిస్తానని లేచాను.

వాడు వెళ్లాక కూర్చుని లెక్క చూశాను. గడువు ఎప్పుడన్నది తేల్చడానికే అరగంట పట్టింది. ఆఖరి ఏడాది డిసెంబరు 31 దాకా సాగదు, ప్లాన్‌లో చివరి డాలరు బయటికెళ్లిన రోజుతో ముగుస్తుంది. ఆ ముగింపు తర్వాత ఏడో నెల చివరి రోజు గడువు. ఆ డివిడెండే రాకపోయుంటే నా ప్లాన్ 2021 డిసెంబరులో ముగిసేది, గడువు 2022 జులై 31. ముప్పై ఏడు డాలర్లు జనవరిలో కదిలాయి కాబట్టి నా ఆఖరి సంవత్సరం 2022, అదీ జనవరి ఒకటి నుంచి కొద్ది రోజుల పొట్టి సంవత్సరం, గడువు ఆగస్టు 31. డబ్బంతా వెళ్లిన 2021కి ఏ ఫారమూ అక్కర్లేదు. ఆ ఏడాది చివర ప్లాన్‌లో ముప్పై ఏడు డాలర్లే ఉన్నాయి, పైగా అది ఆఖరి ఏడాది కాదు. పంపాల్సిందల్లా ఆ ముప్పై ఏడు డాలర్ల ఏడాదికే.

జరిమానా పేజీ తెరిచాను. రోజుకు 250 డాలర్లు, ఒక్కో రిటర్నుకు గరిష్ఠంగా లక్షా యాభై వేలు. 2019 వరకూ రోజుకు 25, గరిష్ఠం 15,000 ఉండేది. ఆ ఏడాది డిసెంబరులో వచ్చిన సెక్యూర్ యాక్ట్ రెండింటినీ పది రెట్లు చేసింది. గరిష్ఠం చేరడానికి 600 రోజులు. నా గడువు దాటి అప్పటికే పంతొమ్మిది నెలలు. ఏప్రిల్ మూడో వారం దాటేసరికి గోడకు తగులుతాను. మొత్తం ప్లాన్ సొమ్మే అంత లేదు. పదవీ విరమణకని దాచుకున్నదంతా ఇచ్చేసి, పైన ఇంకొంత చేతినుంచి వేస్తే గానీ సరిపోదు.

ఆ రాత్రి ఇంకో తప్పు చెయ్యబోయాను. మొదటి తప్పు తెలియకపోవడం వల్ల జరిగింది, ఇది తెలిసిన కంగారు వల్ల. 2021 జనవరి నుంచి 5500-ఈజెడ్‌ను లేబర్ డిపార్ట్‌మెంట్ వారి ఈఫాస్ట్2 వ్యవస్థలో ఆన్‌లైన్‌గా పంపే వీలుంది. అర్ధరాత్రి లాగిన్ తయారుచేసుకుని, ఫారం నింపి, సబ్మిట్ నొక్కబోతుంటే మా ఆవిడ హాల్లోకి వచ్చింది. "ఇన్నాళ్లు ఆగింది, తెల్లారేదాకా ఆగదా? ఎవరినైనా అడగండి" అంది. కోపమొచ్చింది గానీ మూసేశాను.

సోమవారం ఒక టీపీఏని పట్టుకున్నాను. చిన్న కంపెనీల రిటైర్మెంట్ ప్లాన్ల కాగితాలు చూసేవాళ్లను అలా అంటారు. నా పన్నులు చూసే సీపీఏ మంచివాడే, కానీ ఇది తన లైను కాదని ముందే చెప్పేశాడు, అందుకు అతనంటే గౌరవం పెరిగింది. టీపీఏ ఆవిడ కథంతా విని, మొదటి ప్రశ్నగా ఆన్‌లైన్‌లో ఇప్పటికే పంపేశారా అని అడిగింది. లేదన్నాను. "మంచిపని చేశారు" అంది. ఆ మంచిపని ఎవరిదో నేను చెప్పలేదు.

సంగతేమిటంటే, ఆలస్యమైనవాళ్ల కోసం ఐఆర్‌ఎస్ ఒక దారి పెట్టింది. 2014లో ఏడాదిపాటు ప్రయోగంగా రుసుము లేకుండా నడిపి, తర్వాత రెవెన్యూ ప్రొసీజర్ 2015-32 పేరుతో శాశ్వతం చేసింది. ఆలస్యమైన ఒక్కో రిటర్నుకు 500 డాలర్లు, ఒక ప్లాన్‌కు ఎన్నున్నా 1,500 మించదు. లక్షా నలభై నాలుగు వేల చోట ఐదు వందలు. ఉద్యోగులున్న ప్లాన్లకు లేబర్ డిపార్ట్‌మెంట్ నడిపే ఆలస్యపు పథకం వేరు, అది మనకు పనికిరాదు. ఇంటర్నెట్‌లో చాలామంది ఆ రెండింటినీ కలిపేసి రాస్తారు. ఐఆర్‌ఎస్ దారికి షరతులున్నాయి. కాగితం మీదే పంపాలి, ఆన్‌లైన్ కుదరదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ రిటర్నుకు సంబంధించి సీపీ 283 అనే జరిమానా నోటీసు అప్పటికే వచ్చి ఉండకూడదు. నోటీసు వచ్చిందా, ఆ తలుపు మూసుకున్నట్టే. అప్పుడు సరైన కారణం ఉందని రాసుకుని బతిమాలుకోవడమే మిగులుతుంది. ఆ రాత్రి నేను ఆన్‌లైన్‌లో పంపి ఉంటే ఆలస్యంగా వచ్చిన మామూలు రిటర్నుగా అది కంప్యూటర్‌లోకి వెళ్లేది, దాని వెనకే నోటీసు బయల్దేరేది.

"నోటీసు ఏమైనా వచ్చిందా?" అని అడిగింది ఆవిడ.

రాలేదన్నాను. అన్నాక గుండె ఝల్లుమంది. ప్లాన్ చిరునామా మా పాత ఇల్లు, ఇర్వింగ్‌లో. 2022 వేసవిలో ఫ్రిస్కోకి మారాం. సొంత పేరు మీది ఉత్తరాలకు చిరునామా మార్చాను. కంపెనీ లేదు కదా అని వ్యాపారపు చిరునామా మార్పుకు వేసే 8822-బీ వెయ్యలేదు. పోస్టాఫీసు ఫార్వర్డింగ్ ఏడాదితో ఆగిపోయింది. అంటే నోటీసు వచ్చినా నాకు తెలిసే దారి లేదు.

ఆ సాయంత్రమే పాత ఇంటికి వెళ్లాను. ఇప్పుడుంటున్నది ఒక మెక్సికన్ కుటుంబం. ఆ ఇంటి పెద్దావిడ గరాజ్‌లోంచి చెప్పుల డబ్బా ఒకటి తెచ్చి ఇచ్చింది. మా పేరున వచ్చిన ఉత్తరాలన్నీ పారెయ్యకుండా అందులో వేసి ఉంచింది. కారులో కూర్చుని ఒక్కొక్కటే తిరగేశాను. పళ్ల డాక్టరు, ఇన్సూరెన్సు ప్రకటనలు, గుడి వార్షికోత్సవం ఆహ్వానం. ఐఆర్‌ఎస్ కవరు లేదు. లేనంత మాత్రాన రాలేదని కాదు, అందుకని టీపీఏ ఆవిడ 2848 అనే అధికారపత్రం మీద నా సంతకం తీసుకుని, నా తరఫున ఐఆర్‌ఎస్‌కు ఫోన్ చేసింది. గంటన్నర హోల్డ్‌లో ఉండి, ప్లాన్ మీద ఏ జరిమానా నోటీసూ పోలేదని తేల్చుకుంది. ఆవిడ ఫీజు ఆ ఐదు వందల కన్నా ఎక్కువే అయింది. ఒక్క సెంటుకీ బాధపడలేదు.

ఫారం చూస్తే నవ్వొచ్చింది. నేను పదేళ్లు తప్పించుకు తిరిగింది దీన్నా అనిపించింది. చిన్న ఫారం. ప్లాన్ పేరు, మూడంకెల నంబరు 001, ఎప్పుడు మొదలైంది, ఈఐఎన్, వ్యాపారపు కోడు. సంవత్సరం మొదట్లో పార్టిసిపెంట్లు ఒకరు, చివర సున్నా. ఆస్తులు మొదట్లో 37, చివర 0. ప్లాన్ స్వభావం చెప్పే కోడ్లు కొన్ని. అప్పులు ఇచ్చారా, లేదు. పైన గడుల్లో రెండు టిక్కులు: ఆఖరి రిటర్ను, పన్నెండు నెలల కన్నా తక్కువున్న సంవత్సరం. 2022 ఏడాదికి 2022 ఫారమే వాడాలి, కొత్తది కాదు. ఆలస్యపు పథకం కింద పంపుతున్నట్టు గుర్తు పెట్టి, పైన ఎర్ర సిరాతో కూడా రాయించింది ఆవిడ. 14704 అనే ఒక పేజీ ముఖపత్రం, యునైటెడ్ స్టేట్స్ ట్రెజరీ పేరున 500 డాలర్ల చెక్కు, అన్నీ కలిపి యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్‌కు సర్టిఫైడ్ మెయిల్‌లో పోయాయి. కొన్ని వారాలకు చెక్కు క్యాష్ అయింది. ఆ తర్వాత ఐఆర్‌ఎస్ నుంచి నాకేమీ రాలేదు. ఏమీ రాకపోవడమే మంచి వార్త అని ఆవిడ అంది.

చివరి మీటింగులో ఆవిడ నా ముగింపు కాగితాలు కూడా తిరగేసింది. ప్లాన్ ఎప్పుడు ముగుస్తుందో తేదీ వేసి రాసిన పత్రం ఉందా అంటే, బ్రోకరేజీ పంపిన ఆ ఒక పేజీ ఉంది. అది లేకపోయి ఉంటే వెనకటి తేదీ వేసి ఇప్పుడు రాద్దామా అని నేను అడిగేవాణ్ణే. అలాంటి ఆలోచన ఉన్నవాళ్లకి తను పని చెయ్యనని ఆవిడ అడక్కుండానే చెప్పింది. ముగింపు తేదీ నాటికి అమల్లో ఉన్న చట్టాలకు తగ్గట్టు ప్లాన్ పత్రం సవరించి ఉండాలి. బ్రోకరేజీ అప్పుడప్పుడు పంపిన సవరణలు అర్థం కాకపోయినా సంతకం చేసి దాచాను కాబట్టి గట్టెక్కాను. ముగిస్తున్నామని రాశాక సొమ్మంతా వీలైనంత త్వరగా, మామూలుగా పన్నెండు నెలల్లోపు, బయటికి పోవాలి. పోకపోతే ప్లాన్ ముగియనట్టే లెక్క, అలా నడుస్తున్నన్నాళ్లూ అన్ని నియమాలూ దానికి వర్తిస్తూనే ఉంటాయి. ముగించిన ఏడాదిలోపే అదే వ్యాపారం తరఫున ఇంకో 401కె పెట్టినా చిక్కే. ఇవన్నీ రాసుకున్నాను. ఆవిడ చెప్పినవాటిలో నాకు బాగా తగిలింది మాత్రం వేరు. తన దగ్గరికి ఇలా వచ్చేవాళ్లలో పెద్ద ప్లాన్ల వాళ్లు తక్కువట. రెండున్నర లక్షలు దాటినవాడు ఏటా ఫారం పంపుతాడు కాబట్టి ఆఖరి ఏడాది కూడా అలవాటుగా పంపేస్తాడు. ఎన్నడూ పంపనక్కర్లేని చిన్నవాడే ఆఖర్న పడతాడు.

నా పని అయింది. నా నోటి మాట నమ్మినవాళ్ల పని మిగిలింది. వాట్సాప్ గ్రూపు వెనక్కి జరుపుకుంటూ వెళ్లి, నేను ‘హాయిగా పడుకో’ అన్నవాళ్లందరినీ చూశాను. చాలామంది ప్లాన్లు ఇంకా నడుస్తున్నాయి, వాళ్లకు ఇబ్బంది లేదు. మూసేసినవాళ్లకు ఒక్కొక్కరికే ఫోన్ చేశాను. గ్రూపులో ఒక మెసేజి పెట్టి ఊరుకోవచ్చు, కానీ అలాంటి మెసేజీలు ఎవరు చదువుతారో నాకు తెలుసు.

ప్లానోలో ఉండే ఒకతను సంగతి సగంలోనే ఆపాడు. "పంపేశాం అన్నా, టైముకే. మా ఆవిడ ఆ ఇన్‌స్ట్రక్షన్స్ చివరిదాకా చదివింది." మరి నాకెందుకు చెప్పలేదురా అంటే, "నువ్వు వద్దన్నావు కదా, మళ్లీ వాదన ఎందుకని" అన్నాడు. ఇంకొకడు 2023 అక్టోబరులో ఖాళీ చేశాడు. వాడి గడువు మే 31, ఇంకా టైముంది. గడువు లోపే 5558 వేస్తే రెండున్నర నెలలు పొడిగింపు కూడా దొరుకుతుంది. వాడు ఆ వారాంతంలోనే పంపేసి స్క్రీన్‌షాట్ పెట్టాడు.

మూడోవాడు 2022లో సొమ్మంతా ఐఆర్‌ఏలోకి మార్చేసి హైదరాబాద్ వెళ్లిపోయాడు, కొండాపూర్‌లో ఉంటున్నాడు. వాడి ప్లాన్ చిరునామా ఇప్పటికీ ఇక్కడ ఖాళీ చేసిన అపార్ట్‌మెంటే. ఫోన్లో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నువ్వే కదన్నా అక్కర్లేదన్నావు, మెసేజి ఇంకా నా దగ్గరుంది" అన్నాడు. ఉంది. నా దగ్గరా ఉంది. అవును, నేనే అన్నానని చెప్పాను. ఆ ఐదు వందలు నేను కడతానన్నాను, వద్దన్నాడు. ఇక్కడి బ్యాంకు చెక్కుబుక్కు వాడి దగ్గర ఉంది గానీ ఏ సూట్‌కేసులో ఉందో తెలియదు. వాళ్లావిడ రెండు రోజులు వెతికి తీసింది. నోటీసు వచ్చిందో లేదో అదే టీపీఏ ఆవిడ కనుక్కుంది, రాలేదు. వాడు ఫారం మీదా చెక్కు మీదా సంతకాలు పెట్టి కొరియర్‌లో నాకు పంపితే, ముఖపత్రం కలిపి నేనే పోస్టాఫీసులో ఇచ్చి, రసీదు ఫొటో తీసి పంపాను. దానికి థంబ్స్ అప్ ఒకటి పెట్టాడు, అంతే. దసరా దాకా నా ఫోన్ ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తుతున్నాడు, పన్నుల గురించి మాత్రం నన్ను ఏమీ అడగడు.